పలక మీది గుర్తు

మా షెడ్డులో కాయితం నిలవదు. గ్రీజు చేతులు, డీజిల్ మరకలు, ఎండాకాలం గాలి. అందుకే ఏ కొలతైనా పలక మీదే రాస్తాం. మార్కాపురంలో పలకలకేం కరువా? ఫ్యాక్టరీల వెనక విరిగిన ముక్కలు గుట్టలుగా పడుంటాయి, పోతా పోతా ఒకటి తెచ్చుకున్నా అడిగేవాడు లేడు. ఇంజనుకొక పలక. పని అయిపోయినాక కూడా చెరపం. అదే బండి మళ్ళీ వస్తే చూసుకోవచ్చని గోడకు ఆనించి పెడతాం. అట్ల ఇరవై ఏళ్ళవి ఉన్నాయి ఆ గోడ వారగా. వాటిలో ఒకదాన్ని మాత్రం నేను బోర్లించి పెట్టినాను. దాని గురించే ఇదంతా.

ముందు పని సంగతి చెప్పాల. అది తెలీకపోతే నా తప్పేందో మీకు తెలీదు. తెలీకుండా "పాపం, ఏదో జరిగిపోయిందిలే" అని మీరు నా మీద జాలిపడితే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంజను బ్లాకులో నాలుగు గొట్టాలుంటాయి, వాటిల్లో నాలుగు పిస్టన్లు కిందికీ పైకీ ఆడతా ఉంటాయి. బ్లాకు పైముఖాన్ని డెక్కు అంటాం. దాని మీద హెడ్డు మూతలాగా కూర్చుంటుంది, రెంటికీ మధ్యలో గ్యాస్కెట్టు. పిస్టను పూర్తిగా పైకొచ్చి ఆగినప్పుడు డెక్కుకు సరిసమానంగా ఉంటుందనుకుంటారేమో, ఉండదు. ఒక్కో ఇంజనులో వెంట్రుకవాసి లోపలే ఆగిపోతుంది. ఒక్కోదాంట్లో వెంట్రుకవాసి బయటికి పొడుచుకొస్తుంది. ఆ వెంట్రుకవాసిని కొలవడమే డెక్ హైటు చూడటం. డెక్కు మీద డయల్ గేజి నిలబెట్టి, ముల్లును సున్నాకు తిప్పి, దాని కొనను పిస్టను నెత్తి మీదికి జరిపి, ఇంజనును చేత్తో మెల్లగా తిప్పుతా ముల్లు ఎక్కడ ఆగిందో చూడాల. ఒక పక్క చూస్తే చాలదు. పిస్టను గొట్టంలో కొంచెం ఊగుతుంది గాబట్టి రెండు చోట్ల చూసి సగటు తియ్యాల.

ఇంత తతంగం ఎందుకంటే గ్యాస్కెట్టు కోసం. మేం చేసే డీజిల్ కార్లకు గ్యాస్కెట్లు రెండు మూడు మందాల్లో దొరుకుతాయి. అంచుకు గాట్లు ఉంటాయి. ఒక గాటుది పల్చన, మూడు గాట్లది మందం. పిస్టను లోపలుంటే పల్చనిది, బయటికుంటే మందంది. పల్చనిది వెయ్యాల్సినచోట మందంది వేస్తే పెద్ద ప్రమాదం లేదు, బండి లాగదు, పొద్దున్నే స్టార్టు కాక సతాయిస్తుంది. మందంది వెయ్యాల్సినచోట పల్చనిది వేస్తే మాత్రం పిస్టను పోయి హెడ్డులో ఉండే వాల్వులకు కొట్టుకుంటుంది. అదీ చల్లగున్నప్పుడు కాదు. ఇంజను బాగా వేడెక్కి ఇనుము సాగినాక. అందాక మంచిగానే తిరుగుతా నమ్మిస్తుంది.

మా షెడ్డులో రాత పద్ధతి ఒకటుంది. పిస్టను లోపలుంటే ఉత్త అంకె రాస్తాం. బయటికుంటే ముందు ప్లస్ పెడతాం. నాలుగూ బయటికే ఉంటే వరస మొదట్లో ఒక్క ప్లస్ చాలు. ఇది నేనూ మా బావా కలిసి పెట్టుకున్న పద్ధతి.

బావ అంటే చుట్టరికం కాదు. నేను కోమట్ల ఇంట్లో పుట్టినోణ్ణి. మా నాయనకు కిరాణా కొట్టు. కొట్టులో కూర్చోమంటే కూర్చోకుండా స్పానర్లు పట్టుకున్నానని ఆయన చనిపోయిందాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. బావది బేస్తవారిపేట పక్కన పల్లె, క్రిస్టియన్లు, వాళ్ళ నాయనా అమ్మా కూలికి పోయినవాళ్ళు. ఇద్దరం కంభం రోడ్డులో ఒకే మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాం, తర్వాత కలిసి షెడ్డు పెట్టుకున్నాం. ఆయన పెళ్ళాం మొదటిసారి షెడ్డుకు వచ్చినప్పుడే నన్ను "అన్నా" అన్నది. ఆమె అన్న అన్నాక ఆయనకు నేను బావనే గదా. నాకూ ఆయన బావనే. ఆ పిలుపు ఇరవై ఏళ్ళు నిలబడింది.

బావకు ఒక అలవాటుండేది. ఏది రాసినా ముందు పైన ఎడం మూలకు చిన్న సిలువ గీసేవాడు. సామాన్ల చీటీ అయినా, ఫోన్ నంబరైనా, ఇంజను కొలతైనా సరే. చిన్నప్పుడు వాళ్ళ పల్లెలో సండే స్కూలు టీచరమ్మ నేర్పించిందంట, ఏ పనైనా ప్రభువును ముందర పెట్టుకోని మొదలుపెట్టాలని. మా ఇంట్లో మా నాయన ఏ కాయితం మీదైనా పైన శ్రీ రాసేవాడు, అది లేకపోతే కలం కదిలేది కాదు. కాబట్టి నాకు అదేం వింతగా అనిపించలేదు. అయినా నా నోరు ఊరుకుంటుందా?

"ఏం బావా, ఈ ఇంజనుకు కూడా బాప్తీస్మం ఇచ్చినావా?" అనేవాణ్ణి.

"ఇచ్చినా. నువ్వు చేసిన ఇంజన్లకు దేవుడే దిక్కు గదా," అనేవాడు.

సిలువకూ ప్లస్‌కూ తేడా ఏందంటే సిలువకు కింది కాడ పొడుగు. కానీ గ్రీజు చేత్తో, అరిగిన బలపంతో, నిలబడి గీసే గీతలకు పొడుగేంది, పొట్టేంది? ఆయన సిలువ ఎప్పుడూ మూలకుండేది, నా కన్ను దాన్ని దాటుకొని అంకెల మీదికి పోయేది. వాకిట్లో రోజూ కనపడే రాయిని ఎవురు చూస్తారు?

బావ పెళ్ళానికి మొదట కాళ్ళు వాచినాయి. తర్వాత మొహం వాచింది. మా పక్క బోరు నీళ్ళు తాగి పెరిగినోళ్ళకు ఈ రోగం కొత్తగాదు, కనిగిరి పక్కనా హనుమంతునిపాడు పక్కనా ఊరికి నలుగురైదుగురు ఉంటారు. ఆమెకు నలభై కూడా రాలేదు. రెండు కిడ్నీలూ పనిచేయడం లేదు, వారానికి మూడుసార్లు మిషను మీద రక్తం కడిగించుకోవాల, తప్పితే ప్రాణానికి గ్యారంటీ లేదు అన్నాడు డాక్టరు. దగ్గర్లోని ఆసుపత్రిలో ఖాళీ మంచం లేదన్నారు. పేరు రాయించుకోండి, ఖాళీ అయితే పిలుస్తాం అన్నారు. అక్కడ మంచం ఎట్ల ఖాళీ అవుతుందో అందరికీ తెలుసు, ఎవురూ పైకి అనరు. అందాకా ఒంగోలు పోవాల్సిందే.

జిల్లాలు కొత్తగా విడగొట్టినప్పుడు మార్కాపురం జిల్లా కావాలని మేం ఎంత గోల చేసినాం! టెంట్లేసుకోని కూర్చున్నాం. కందుకూరు అటు పోయింది, అద్దంకి ఇటు పోయింది, మాకు మాత్రం ఒంగోలు ఎక్కడుందో అక్కడే ఉండిపోయింది. బేస్తవారిపేట నుంచి ఒంగోలుకు బస్సులో పోయి, నాలుగు గంటలు మిషను మీద పడుకోని, మళ్ళీ బస్సులో రావాల. మిషను మీద నుంచి లేచినాక ఆమెకు కళ్ళు తిరిగేవి, వాంతులయ్యేవి. ఒకసారి పొదిలి బస్టాండులో పడిపోయింది. ఆమె తేరుకునేదాకా బస్సు ఆపనన్నాడంట కండక్టరు. ఆ మాట బావ చెప్పినప్పుడు ఆ కండక్టరు దొరికితే చెంపలు పగలగొట్టేవాణ్ణి.

అప్పుడే అనుకున్నాం ఇద్దరం, ఒక కారు ఉండాల అని. మా షెడ్డు వెనక ఒక పాత డీజిల్ కారు మూడేళ్ళుగా ముళ్ళకంపల్లో పడుంది, ఇంజను పట్టేసిందని యజమాని వదిలేసి పోయినాడు. ఆయన్ను అడిగితే "తీసుకుపోండయ్యా, చెత్త పోతుంది" అన్నాడు. ఆ కారును బాగుచేసి ఆ అమ్మను ఒంగోలు తిప్పడం. మా ఇద్దరికీ ఆ నెల వేరే పనే లేదు. చాలా ఇంజన్లు చేసినాం గానీ ఆ ఇంజను మీద పెట్టినంత ప్రాణం దేని మీదా పెట్టలేదు.

కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేసినాం. డెక్కు వంకరబోయిందని బావ బ్లాకును లేతు షాపుకు తీసుకుపోయి పైముఖం గీకించుకొచ్చినాడు. ఎంత గీకినారో నేను అడగలేదు. అడిగుంటే పిస్టన్లు బయటికొస్తాయని నాకే తట్టుండేది. అంతకుముందు ఆ రకం ఇంజన్లు మేం రెండు చేసినాం, రెండింట్లోనూ పిస్టన్లు లోపలే ఉన్నాయి. నా బుర్రలో అదే ఉంది.

ఒక మంగళవారం పొద్దున బావ డెక్ హైటు చూస్తా ఉన్నాడు. నేను బయట ఒక ట్రాక్టరోడితో కొట్లాడతా ఉన్నాను. గేజి చూడటంలో బావ చెయ్యి నాకంటే నిదానం, అందుకే ఆ పని ఎప్పుడూ ఆయనదే. నాలుగో పిస్టను చూసి పలక మీద రాసి లేచినాడో లేదో, ఇంటి నుంచి ఫోను వచ్చింది. ఆమెకు ఆయాసం ఎక్కువైంది, పడుకోలేకపోతా ఉంది అని. బావ చెయ్యి కూడా కడుక్కోలేదు.

"పలక మీద రాసినా బావా. రెండు గ్యాస్కెట్లూ అలమర్లో ఉన్నాయి, చూసి వెయ్యి," అని బండెక్కినాడు. వీధి మలుపు కాడ మళ్ళీ వెనక్కి తిరిగి, "పిండి పెట్టి చూడు," అని అరిచినాడు.

పిండి అంటే చపాతీ పిండే. బావ పద్ధతి అది. హెడ్డు బిగించే ముందర పిస్టను నెత్తి మీద కొంచెం పిండిముద్ద పెట్టి, హెడ్డు ఉత్తగా కూర్చోబెట్టి బిగించి, ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్ళీ విప్పి ఆ పిండి ఎంత పల్చబడిందో చూస్తాడు. పిండి మరీ అణిగిపోతే లోపల చోటు లేదని అర్థం. దానికి ఒక పూట పడుతుంది. "నువ్వు మెకానిక్కువా, హోటలోడివా?" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

ఆయన ఆమెను ఒంగోలు తీసుకుపోయినాడు. అక్కడ ఒంట్లో చేరిన నీళ్ళు తీసి, రెండు రోజులు ఉండమన్నారు. గురువారం సాయంత్రం వస్తాం అని ఫోను చేసినాడు. నాకు పట్టుదల వచ్చింది. ఇంక ఆ అమ్మ బస్సు ఎక్కగూడదు. వాళ్ళు దిగేటప్పటికి కారు స్టార్టయి ఉండాల.

పలక చూసినాను. మూలకు రెండు గీతలు అడ్డం నిలువు. పక్కన నాలుగు అంకెలు, అన్నీ నలభైకి అటూ ఇటూ. పాయింటు నలభై మిల్లీమీటరు లోపల, అనుకున్నాను. ఒక గాటుది తీసి వేసినాను. పిండి పెట్టలేదు. టైము లేదు. టైము ఉన్నా పెట్టేవాణ్ణి కాదు, నిజం చెప్పాలంటే. ఫోను చేసి అడగొచ్చు గదా అంటారు మీరు. అందరూ అదే అన్నారు. అనుమానం ఉంటే గదా అడిగేది! నాకు అనుమానమే రాలేదే!

గురువారం సాయంత్రం వాళ్ళు బస్టాండు నుంచి ఆటోలో షెడ్డు ముందర దిగేటప్పటికి కారు స్టార్టు చేసి పెట్టినాను. ఆ అమ్మ ఆటోలోనే కూర్చొని చూసింది. మొహం పాలిపోయి ఉంది, అయినా నవ్వింది. బావ బానెట్టు మీద చెయ్యి పెట్టి ఇంజను వణుకు చూసినాడు.

"పిండి పెట్టి చూసినావా?"

"చూసినాలే బావా. బ్రహ్మాండంగా ఉంది," అన్నాను.

అట్ల అబద్ధం చెప్పినాను. అంత తేలిగ్గా, నవ్వుతా చెప్పినాను. ఆయన సంతోషం చూసి ఆ ఒక్క ముక్కకు దాన్ని పాడు చేయడమెందుకు అనుకున్నాను. థూ, నా బతుకు.

శుక్రవారం మొదటిసారి కారులో ఒంగోలు పోయినారు. వెనక సీట్లో పరుపు వేసినాం, ఆమె పడుకోని పోయి పడుకోని వచ్చింది. దారిలో చీమకుర్తి కాడ ఆగి సోడా తాగినారంట, పెళ్ళయినప్పటి నుంచి ఇట్ల కారులో పోయింది ఇదే మొదటిసారి అన్నదంట. ఆ మాట బావ నాకు రెండుసార్లు చెప్పినాడు. సోమవారం పోయినారు. బుధవారం పోయినారు. బుధవారం తిరిగొచ్చేటప్పుడు షెడ్డు కాడ ఆపినారు. ఇంజను ఆపకుండానే ఆమె కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"అన్నా, ఒంగోలు దాటినాక టకటకమని ఏందో కొట్టుకుంటా ఉందే."

నేను బానెట్టు మీద చెవి పెట్టినాను. వినపడింది. సన్నగా, లోపల ఎక్కడో, గోటితో డబ్బా మీద కొట్టినట్టు.

"ఓహో, నువ్వు కూడా మెకానిక్కు అయిపోయినావే తల్లీ! కొత్త ఇంజనుకు అట్లే ఉంటది, సర్దుకుంటది," అన్నాను. ఆమె నవ్వింది. బావ కూడా నవ్వినాడు. నా చెవి మీద ఆయనకు అంత నమ్మకం. మార్కాపురంలో ఇంజను చప్పుడు వినాలంటే నా చెవే అని పదిమందికి చెప్పుకునేవాడు.

శుక్రవారం పోయొచ్చినారు. మధ్యలో శని, ఆదివారాలు. మిషను మీదికెక్కే వాళ్ళకు ఆ గ్యాపు అన్నిటికంటే చెడ్డది, మూడో రోజుకు ఒంట్లో నీళ్ళు నిండిపోతాయి. సోమవారం పొద్దున బయల్దేరేటప్పటికే ఆమెకు ఆయాసంగా ఉందంట. తొమ్మిదింటికల్లా అక్కడుండాల, తొమ్మిది దాటితే మంచం వరసలో వెనకోళ్ళకు ఇస్తారు. బావ కొంచెం తొందరగా తోలినాడు. పొదిలి దాటి ఒక పది కిలోమీటర్లు పోయినాక ఇంజనులో పెద్ద చప్పుడైంది. అంతే, బండి నిలబడిపోయింది.

బావ నాకు ఫోను చేసినాడు. గొంతులో కోపం లేదు. "బావా, బండి నిలబడిపోయింది. చేత్తో తిప్పితే తిరగడంల్యా," అన్నాడు. మోటారుసైకిలేసుకొని పోయినాను. నేను పోయేటప్పటికి వాళ్ళు లేరు. గ్రానైటు లారీ ఒకటి ఆపి, ఆ డ్రైవరూ బావా కలిసి ఆమెను క్యాబిన్‌లోకి ఎత్తి కూర్చోబెట్టినారంట. రోడ్డు పక్క పొలంలో గొర్రెలు కాసే ముసలాయన చెప్పినాడు. "ఆయమ్మ ఎక్కలేక ఎక్కలేక ఎక్కింది నాయనా," అన్నాడు.

నేను వెనకాలే ఒంగోలు పోవాల్సింది. పోలేదు. బానెట్టు లేపి పుల్లీ పట్టుకోని తిప్పి చూసినాను. సగం తిరిగి గట్టిగా ఆగింది. ఎక్కడ ఆగిందో చేతికి తెలిసిపోయింది. అయినా నేను ఆ ఎండలో నిలబడి, ట్రాక్టరు ఒకదాన్ని బతిమాలి, తాడు కట్టి బండిని లాక్కొచ్చే పని పెట్టుకున్నాను. మనిషిని వదిలేసి బండిని చూసుకున్నాను. ఆ రోజు చేసిన పనుల్లో ఇది కూడా నన్ను వదలదు.

వాళ్ళు ఒంగోలు ఆసుపత్రికి చేరేటప్పటికి పదకొండు దాటింది. మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. వాళ్ళనేం అనలేం, మధ్యలో ఆయన్ను దించేయలేరు గదా. ఆక్సిజన్ పెట్టి వరండాలో కూర్చోబెట్టినారు. మిగతా మిషన్లన్నీ నిండుగా ఉన్నాయి, రేపు తెల్లారి ఆరింటికి మొదటి మంచం మీకే అన్నారు. ఆమె తెల్లారుజామున అయిదున్నరకు పోయింది.

మా దగ్గర ఖాళీ వచ్చింది, తీసుకురండి అని పేరు రాయించుకున్న దగ్గరి ఆసుపత్రి నుంచి ఆ వారంలోనే ఫోను వచ్చింది. బావ ఫోను నా చేతికిచ్చినాడు. ఆమె లేదని నేనే చెప్పినాను.

పది రోజులు బావ షెడ్డుకు రాలేదు. పదకొండో రోజు పొద్దున వచ్చి, చొక్కా విప్పి మేకుకు తగిలించి, "హెడ్డు ఇప్పుదాం," అన్నాడు.

"ఇప్పుడెందుకు బావా..."

"ఇప్పుదాం."

ఇద్దరం విప్పినాం. బోల్టులు ఆయనే ఒక్కొక్కటి వరసగా విప్పి బల్ల మీద పెట్టినాడు. హెడ్డు లేపితే నాలుగు పిస్టన్ల నెత్తిన వాల్వులు కొట్టిన మచ్చలు, అర్ధచంద్రాల్లాగా. మూడోదాంట్లో వాల్వు తల విరిగి పిస్టనులోకి దిగబడి ఉంది. బావ దాన్ని ఒకసారి చూసినాడు. గ్యాస్కెట్టు ఊడదీసి, అంచు తడిమి, వెలుతురులోకి పట్టుకున్నాడు. ఒక గాటు.

"బావా, పలక చూసినావు గదా?"

"చూసినాను."

"ప్లస్ పెట్టినా గదా."

"సిలువ అనుకున్నాను," అన్నాను.

బావ నా వంక చూసినాడు. కోప్పడతాడు, కొడతాడు అనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆయన మొహంలో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. నేనెవురో తెలియనట్టు చూసినాడు.

"సిలువ మానేసి మూడు నెల్లయింది బావా," అన్నాడు. "డాక్టరు రెండూ పోయినాయి అన్న రోజు నుంచి నేను గీయలేదు. గీయబుద్ధి కాలే. నువ్వు చూళ్ళేదా?"

నేను గోడ దగ్గరికి పోయినాను. అప్పటి నుంచి చేసిన ఇంజన్ల పలకలు ఒక్కొక్కటి తీసి చూసినాను. ఆరు పలకలు. ఆరింట్లోనూ ఎడం మూల ఖాళీగా ఉంది. ఆ ఆరు పలకల్నీ నేను పట్టుకున్నవాణ్ణే, వాటిని చూసి సామాను తెచ్చినవాణ్ణే. మనిషి దేవుడి మీద అలిగి, ఇరవై ఏళ్ళ అలవాటు మానుకొని, రోజూ నా పక్కనే నిలబడి పనిచేస్తా ఉంటే నాకు తెలియలేదు. "బాప్తీస్మం ఇచ్చినావా" అని ఆ మూడు నెలల్లో కూడా ఒకటి రెండుసార్లు అన్నట్టు గుర్తు. ఆయన బదులు చెప్పకపోతే వినపడలేదేమో అనుకున్నాను.

ఏడో పలక ఆ కారుది. మూల గీతలు ఇప్పుడు దగ్గరగా చూసినాను. నాలుగు కాళ్ళూ సమానంగా ఉన్నాయి. కింది కాడ పొడుగేం లేదు. అది సిలువ కాదు, పసిపిల్లోణ్ణి అడిగినా ప్లస్ అనే చెప్తాడు.

"పిండి పెట్టి చూసినానన్నావే," అన్నాడు బావ వెనక నుంచి.

నేను వెనక్కి తిరక్కుండా ఆ పలకను గోడకు బోర్లించి పెట్టినాను. కొంచెంసేపటికి ఆయన బల్ల మీద బోల్టులు సర్దుతున్న చప్పుడు వినపడింది. చిన్నవి చిన్నవాటితో, పెద్దవి పెద్దవాటితో, ఎప్పటిలాగే.

ఆ తర్వాత ఆయన ఆ మాట ఎత్తలేదు. పనికి వస్తాడు, చేస్తాడు, పోతాడు. బావా అనే పిలుస్తాడు. కొలత ఏదైనా ఇప్పుడు అక్షరాల్లో రాస్తాడు, 'బయటికి నలభై' అని, 'లోపల ఇరవై' అని. రాసి, నాకు చదివి వినిపిస్తాడు. నేను వెనక్కి చదివి చెప్పిందాకా కదలడు. మొదట్లో అది చెప్పుతో కొట్టినట్టుండేది. ఇప్పుడూ అట్లే ఉంది.

వాన పడి మట్టి సర్దుకున్నాక, ఆమె సమాధికి రాయి నిలబెట్టాలన్నాడు. కడప రాయి వద్దంట, పలక రాయే కావాలంట. ఆమె పెళ్ళికి ముందు పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించేదని నాకు అప్పుడే తెలిసింది. గని నుంచి పెద్ద బిళ్ళ ఒకటి నేనే తీసుకొచ్చినాను. చిన్నప్పుడు మా నాయన కొట్టు బోర్డులు రాసి రాసి నా చేతిరాత కుదురుగా ఉంటుంది, అందుకని రాసే పని నాకే చెప్పినాడు. నన్ను శిక్షించడానికి చెప్పినాడో, ఇంకెవురు రాస్తారని చెప్పినాడో నాకు తెలియదు. అడిగే మొహం నాకు లేదు.

షెడ్డు ముందర రాయిని పడుకోబెట్టి ముందు బలపంతో రాసినాను, తర్వాత ఉలితో చెక్కొచ్చని. పేరు రాసినాను. ఊరు రాసినాను. బావ పక్కనే గొంతుకూర్చొని చూస్తా ఉన్నాడు. పైన చోటు మిగిలింది. అక్కడ ఏం రాయాలో తెలుసు, కానీ చెయ్యి పోలేదు.

"బావా," అన్నాను. "పైన సిలువ వెయ్యాల్నా?"

ఆయన రాయి మీద రాలిన బలపం పొడిని ఊదినాడు.

"వెయ్యి. నేను మానినా గానీ ఆమె మానలేదు," అన్నాడు. నేను బలపం రాయికి ఆనించినాక నా మణికట్టు పట్టుకొని ఆపినాడు.

"కింది కాడ పొడుగ్గా గియ్యి బావా. చూసినోడు ప్లస్ అనుకోగూడదు."